పాటలు బాగానే వస్తాయి, కాల్ వస్తేనే చిక్కు: వైర్‌లెస్ హెడ్‌సెట్ సమస్యలు, పరిష్కారాలు

హెడ్‌సెట్ సరిగా పనిచేయడం లేదని ఎవరైనా చెప్పినప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: మాట వినపడనిది మీకా, అవతలివారికా? దీనికి వెంటనే జవాబు చెప్పగలిగేవారు తక్కువ, ఎందుకంటే ఇద్దరూ ఒకేసారి ‘హలో, హలో’ అని అరుస్తున్నప్పుడు ఎవరి మాట ఎవరికి చేరడం లేదో గమనించే ఓపిక ఎవరికీ ఉండదు. అయినా ఆ సంగతి తేల్చుకోకుండా సెట్టింగ్స్ మార్చడం, హెడ్‌సెట్‌ను రీసెట్ చేయడం, చివరికి కొత్తది కొనడం చీకట్లో తడుముకోవడమే అవుతుంది. మీ చెవికి వచ్చే ధ్వని ఒక దారిన, మీ నోటి నుంచి వెళ్లే మాట మరొక దారిన ప్రయాణిస్తాయి. ఒకటి మూసుకుపోయినంత మాత్రాన రెండోది కూడా మూసుకుపోవాలని లేదు.

పాటలు చక్కగా వస్తున్నాయి కాబట్టి హెడ్‌సెట్‌లో లోపం లేదనే వాదన కూడా సగమే నిజం. బ్లూటూత్‌లో పాటలకు ఒక ఏర్పాటు (ప్రొఫైల్), కాల్స్‌కు మరొక ఏర్పాటు ఉంటాయి. పాటలను మోసే ఏ2డీపీ అనే ప్రొఫైల్ ఫోను నుంచి చెవికి ఒకవైపే నడుస్తుంది, మైకుతో దానికి పని లేదు. కాల్‌ను మోసే హ్యాండ్స్-ఫ్రీ ప్రొఫైల్ మాత్రం రెండువైపులా నడవాలి. ఫోను, హెడ్‌సెట్ ఈ రెండు ప్రొఫైల్స్‌లో ఒకదానితో కలిసి రెండోదాన్ని వదిలేయడం మామూలుగా జరిగేదే. అందుచేత పరీక్ష ఎప్పుడూ నిజమైన కాల్‌తోనే చేయాలి. ఇంట్లోని రెండో ఫోనును పక్క గదిలో ఒకరి చేతికిచ్చి, తలుపు వేసి, మాట్లాడి చూడటం అన్నిటికన్నా నమ్మదగిన పద్ధతి. వాయిస్ రికార్డర్‌తో పరీక్షిస్తే పొరబడతాం, ఎందుకంటే హెడ్‌సెట్ కలిసి ఉన్నప్పటికీ చాలా ఫోన్లలో రికార్డర్ ఫోను సొంత మైకునే వాడుకుంటుంది.

కాల్ ధ్వని హెడ్‌సెట్‌కు రాకుండా ఫోనులోనే వినిపిస్తోంది

ముందుగా ఫోనులో చూడవలసిన చోటు ఒకటుంది. ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్ సెట్టింగ్స్ తెరిచి, హెడ్‌సెట్ పేరు పక్కనున్న చక్రం గుర్తును నొక్కితే కాల్స్‌కు ఒకటి, మీడియా ఆడియోకు ఒకటి చొప్పున వేర్వేరు స్విచ్‌లు కనిపిస్తాయి. కాల్స్ స్విచ్ ఆఫ్‌లో ఉంటే పాటలు మాత్రమే వస్తాయి. దాన్ని ఆన్ చేసి, హెడ్‌సెట్‌ను ఒకసారి డిస్‌కనెక్ట్ చేసి మళ్లీ కలిపితే సరిపోతుంది. ఐఫోనులో యాక్సెసిబిలిటీ కింద టచ్ విభాగంలో ‘కాల్ ఆడియో రూటింగ్’ అనే అమరిక ఉంటుంది. అందులో బ్లూటూత్ హెడ్‌సెట్‌ను ఎంచుకుంటే కాల్ ఎలా ఎత్తినా ధ్వని హెడ్‌సెట్‌కే వెళ్తుంది.

ఆ స్విచ్ సరిగానే ఉంటే, అనుమానించవలసింది ఇంట్లోని మిగతా బ్లూటూత్ పరికరాలను, ముఖ్యంగా కాలింగ్ సౌకర్యం ఉన్న స్మార్ట్‌వాచీని. ఇలాంటి వాచీ కూడా ఫోను దృష్టిలో ఒక హ్యాండ్స్-ఫ్రీ పరికరమే కాబట్టి, హెడ్‌సెట్, వాచీ రెండూ కలిసి ఉన్నప్పుడు కాల్‌ను వాచీ లాక్కునే అవకాశం ఉంది. మా ఇంట్లో ఒక నెక్‌బ్యాండ్ పాడైందనుకుని రెండు రోజులు పక్కన పడేశాం. అల్మారాలో చార్జింగ్‌కు పెట్టిన వాచీలోంచి చుట్టాల గొంతు వినిపించిన రోజున గానీ అసలు సంగతి బయటపడలేదు. కాల్ నడుస్తుండగా తెరపై స్పీకర్ గుర్తును నొక్కితే ఫోను, స్పీకర్, వాచీ, హెడ్‌సెట్ అన్నీ జాబితాగా వస్తాయి. ధ్వని ఎక్కడికి వెళ్తోందో అక్కడే తెలుస్తుంది, అక్కడే మార్చుకోవచ్చు కూడా. అయితే అది ఆ ఒక్క కాల్‌కే చెల్లుతుంది. ప్రతిసారీ ఈ తిప్పలు వద్దనుకుంటే బ్లూటూత్ సెట్టింగ్స్‌లో వాచీకి సంబంధించిన కాల్స్ స్విచ్‌ను ఆఫ్ చేయాలి. చాలా వాచీలలో నోటిఫికేషన్లు, అడుగుల లెక్క దీనివల్ల దెబ్బతినవు.

మామూలు కాల్స్ బాగానే వస్తూ వాట్సాప్ కాల్స్ మాత్రమే ఫోనులో వినిపిస్తుంటే లోపం హెడ్‌సెట్‌ది కాదు, అనుమతిది. ఆండ్రాయిడ్ 12 నుంచి బ్లూటూత్ పరికరాలను వాడుకోవడానికి ప్రతి యాప్‌కూ ‘సమీపంలోని పరికరాలు’ అనే విడి అనుమతి కావాలి. యాప్ వేసుకున్న రోజున తొందరలో నిరాకరించి ఉంటారు. ఫోను సెట్టింగ్స్‌లో ఆ యాప్‌ను తెరిచి అనుమతి ఇస్తే చాలు.

నాకు స్పష్టంగా వినిపిస్తోంది, అవతలివారికి నా మాట చేరడం లేదు

నా వరకు వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ కోవకు చెందినవే. దీనికి గోటితో చేసే పరీక్ష ఒకటుంది. కాల్‌లో ఉండగానే హెడ్‌సెట్ మైకు రంధ్రం మీద గోటితో నెమ్మదిగా గీరండి. ఆ తర్వాత ఫోను అడుగు భాగాన ఉండే మైకు రంధ్రం దగ్గర గీరండి. ఏ గీత చప్పుడు వినిపించిందో అవతలివారిని అడగండి. ఫోను మీది గీత వినిపిస్తే మాట ఫోను మైకు నుంచి వెళ్తోందని అర్థం కాబట్టి పైన చెప్పిన అమరికలనే మళ్లీ చూడాలి. హెడ్‌సెట్ మీది గీత గట్టిగా వినిపించి మాట మాత్రం సన్నగా వెళ్తుంటే, మైకు పనిచేస్తోంది కానీ నోటికి దూరంగానో చాటుగానో ఉంది. రెండూ వినిపించకపోతే ముందుగా మ్యూట్‌ను చూడండి. కొన్ని హెడ్‌సెట్లలో బటన్‌ను రెండుసార్లు నొక్కినా, బడ్‌ను పొరపాటున తాకినా మ్యూట్ పడుతుంది. ఫోను తెరపై దాని గుర్తు కనిపించకపోవచ్చు కూడా.

మైకు రంధ్రం సూదిమొన అంత ఉంటుంది. చెమట ఆరి మిగిలిన ఉప్పు, ముఖానికి రాసుకున్న పౌడరు, జేబులోని నూలు పోగులు దాన్ని పూడ్చడానికి చాలు. పిన్నుతో పొడవడం అందరికీ తోచే ఉపాయమే గానీ, లోపలి మైకు పొర చాలా పలుచన కాబట్టి ఒక్క పోటుతో అది శాశ్వతంగా పోతుంది. రంధ్రాన్ని నేల వైపుకు తిప్పి పట్టుకుని, పొడిగా ఉన్న మెత్తని టూత్‌బ్రష్‌తో పైపైన తుడిస్తే పొడి కిందికి రాలిపోతుంది. నోటితో ఊదితే తేమ లోపలికి పోతుంది, కాబట్టి అదీ మంచిది కాదు. బడ్స్‌కు సిలికాన్ తొడుగు వేసి ఉంటే దాన్ని తీసి మరోసారి మాట్లాడి చూడండి.

నెక్‌బ్యాండ్‌లో మైకు మెడ పట్టీకో తీగకో ఒకవైపున మాత్రమే ఉంటుంది. పట్టీ తిరగబడి మైకు చొక్కా కాలరు లోపలికి పోయినా, చున్నీ కప్పుకున్నా అవతలివారికి మూతబడిన గదిలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. మెడలో గొలుసు తగిలితే మాటమాటకూ టకటక చప్పుడు. విడివిడి బడ్స్‌లోనైతే, రెండింటికీ మైకు ఉన్నా చాలా మోడళ్లు కాల్‌కు ఒకదాన్నే వాడతాయి. ఒక్కో బడ్‌ను విడిగా పెట్టుకుని రెండు కాల్స్ చేస్తే ఏ మైకు బలహీనపడిందో తెలుస్తుంది. రెండో బడ్ బాగుంటే, కాల్స్‌కు దాన్ని ఒక్కదాన్నే పెట్టుకుని మరికొంత కాలం గడపవచ్చు.

మాట వెళ్తోంది గానీ చుట్టుపక్కల రొద కూడా దానితో పాటే వెళ్తోందనే ఫిర్యాదు వేరు. ఇక్కడ అట్టపెట్టె మీది అక్షరాలు చాలామందిని తప్పుదోవ పట్టిస్తాయి. ఏఎన్‌సీ అని రాసి ఉంటే అది బయటి రొదను మీ చెవికి తగ్గించే ఏర్పాటు; అవతలివారికి దానితో ప్రయోజనం లేదు. ఈఎన్‌సీ అని రాసి ఉంటే అది మీ మైకులోకి దూరే రొదను వడకట్టి అవతలివారికి మేలు చేసే ఏర్పాటు. ఏఎన్‌సీ ఉందని ఎక్కువ ధర పెట్టి కొని, బస్టాండులో నా మాట ఎవరికీ వినపడటం లేదని వాపోవడంలో కొన్నవారి తప్పు కన్నా అమ్మినవారి మౌనమే ఎక్కువ. ఈఎన్‌సీ కూడా గాలికి లొంగిపోతుంది. మోటారు మోత వంటి నిలకడైన రొదను అది గుర్తించి తగ్గించగలదు గానీ, గాలి నేరుగా రంధ్రం మీద కొట్టినప్పుడు మైకు పొర మీదనే పుట్టే హోరును వడకట్టడం దానికి కష్టం. కూలరు ఎదురుగానో టేబుల్ ఫ్యాను ముందో కూర్చుని మాట్లాడుతుంటే సెట్టింగ్స్ వెతకడం మాని, కుర్చీని పక్కకు తిప్పుకోండి.

అవతలివారికి వారి గొంతే తిరిగి వినిపిస్తోంది

ప్రతిధ్వని విషయంలో తర్కం తలకిందులుగా ఉంటుంది: ప్రతిధ్వని ఎవరికి వినిపిస్తుందో లోపం సాధారణంగా వారి దగ్గర ఉండదు. వారి గొంతు మీ చెవిలోని స్పీకర్ నుంచి బయటికి పొంగి, మీ మైకులోకి దూరి, వెనక్కి వెళ్తోంది. శబ్దాన్ని రెండు మూడు మెట్లు తగ్గించి, చెవికి సరిపడే రబ్బరు బుడిపెను మార్చి, బడ్‌ను చెవిలో బిగుతుగా కూర్చోబెడితే చాలావరకు తగ్గుతుంది. మీ గొంతు మీకే తిరిగి వినిపిస్తుంటే మాత్రం శబ్దం తగ్గించుకోమని అవతలివారిని మర్యాదగా అడగాలి.

కాల్ మొదలవగానే ధ్వని మొద్దుబారిపోతోంది

ఇది చెడిపోవడం కాదు, ఏర్పాటు మారడం. పాట ఆగి కాల్ మొదలవగానే హెడ్‌సెట్ ఏ2డీపీ నుంచి హ్యాండ్స్-ఫ్రీకి మారుతుంది. పాత హెడ్‌సెట్లు మాటను సెకనుకు 8,000 సార్లు మాత్రమే కొలిచి నమోదు చేస్తాయి కాబట్టి, పాత ల్యాండ్‌లైన్ మాదిరిగా సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకున్న ధ్వనులే దాటతాయి. స, శ, ఫ వంటి అక్షరాల పదును పోతుంది. 2011లో వచ్చిన హ్యాండ్స్-ఫ్రీ ప్రొఫైల్ 1.6 వెర్షన్‌తో ఇది సెకనుకు 16,000 సార్లకు పెరిగింది. ఫోను, హెడ్‌సెట్ రెండూ దాన్ని అంగీకరించి, నెట్‌వర్కులో కూడా వోల్టే (VoLTE, అంటే 4జీ మీద నడిచే) కాల్ నడుస్తున్నప్పుడే ఆ మెరుగుదల చెవికి తెలుస్తుంది. కాబట్టి ఫోనులో వోల్టే ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి.

ల్యాప్‌టాప్‌లో మీటింగు పెట్టుకున్నప్పుడు ఇదే మార్పు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మీటింగు యాప్‌లో మైకుగా ల్యాప్‌టాప్ మైకును, స్పీకర్‌గా హెడ్‌సెట్‌ను ఎంచుకుంటే హెడ్‌సెట్ పాటల ఏర్పాటులోనే ఉండిపోతుంది, మీకు ధ్వని నిండుగా వస్తుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో దీనికి మించిన ఉపాయం లేదు.

మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది

పాటలో రాని తెగుడు కాల్‌లో ఎందుకు వస్తుందనేది సహేతుకమైన ప్రశ్నే. పాటను ఫోను కొంత ముందుగానే పంపి నిల్వ ఉంచుతుంది, దారిలో పోయిన ముక్కను తీరికగా మళ్లీ పంపుతుంది. కాల్‌లో అలా ఆగే వీలు లేదు; ఆలస్యమైన ముక్కను వదిలేసి ముందుకు సాగవలసిందే. అందుచేత కొద్దిపాటి అంతరాయం కూడా కాల్‌లో గరగరగా, తెగుడుగా బయటపడుతుంది.

ఆ అంతరాయానికి మొదటి కారణం మన శరీరమే. బ్లూటూత్ నడిచే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు బాగా పీల్చుకుంటుంది, మన ఒంటిలో ఎక్కువ భాగం నీరే. మైకు పనిచేసే బడ్ ఎడమ చెవిలో, ఫోను ప్యాంటు కుడి వెనక జేబులో ఉంటే ఆ రెండింటి మధ్య మొత్తం శరీరం అడ్డుగా నిలుస్తుంది. గోడలు లేని చోట పది మీటర్లు అందుకోగల హెడ్‌సెట్ ఒక మీటరులోనే తడబడటానికి ఇదే కారణం. ఫోనును అదే వైపు చొక్కా జేబులోకి మార్చి చూడండి.

రెండో కారణం అదే తరంగాలను వాడుకునే ఇతర వస్తువులు. నడుస్తున్న మైక్రోవేవ్ ఓవెన్, 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఈ తరంగాల పరిధిలోనివే. బ్లూటూత్ ఒకచోట నిలవకుండా 79 చానళ్ల మధ్య సెకనుకు 1,600 సార్లు గెంతుతూ, రద్దీగా ఉన్న చానళ్లను తప్పించుకుంటుంది కాబట్టి మామూలు ఇళ్లలో నెట్టుకొస్తుంది. కానీ రౌటరు పక్కనే కూర్చుంటే తప్పించుకోవడానికి చోటు మిగలదు. ఫోనును, ల్యాప్‌టాప్‌ను 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చడం మంచి పరిష్కారం. ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్కు తగిలించినప్పుడే గరగర మొదలవుతుంటే కారణం ఆ డిస్కూ దాని కేబులే. వాటి నుంచి వెలువడే రేడియో రొద సరిగ్గా ఈ తరంగాల పరిధిలోనే పడుతుంది. దాన్ని రెండో వైపు పోర్టుకు, కాస్త పొడవైన కేబుల్‌తో మార్చాలి.

హెడ్‌సెట్‌ను ఎక్కడికి తీసుకెళ్లినా, ఏ జేబులో పెట్టినా తెగుడు మారకపోతే, ఒకసారి హెడ్‌సెట్ తీసేసి ఫోనుతోనే మాట్లాడండి. అప్పుడు కూడా తెగుతుంటే సిగ్నల్ బలహీనంగా ఉందని అర్థం. ఇంతసేపూ హెడ్‌సెట్‌ను అనవసరంగా నిందించినట్టు.

పేరు కనిపిస్తుంది, కలవదు

రెండు వైపులా పాత జతను చెరిపేయాలి. ఫోనులో ‘ఫర్‌గెట్’ నొక్కడం సగం పని మాత్రమే. హెడ్‌సెట్ కూడా తన వంతు పాత జతను గుర్తుంచుకుంటుంది. దాన్ని రీసెట్ చేసే బటన్ పద్ధతి కంపెనీకొకటిగా ఉంటుంది కాబట్టి మాన్యువల్ చూడక తప్పదు. పాతకాలపు హెడ్‌సెట్ కోడ్ అడిగితే సాధారణంగా 0000 పనిచేస్తుంది. ఇంట్లో మరొకరి ఫోనుకు అది ముందే తగులుకుని ఉందేమో కూడా చూడండి.

పావుగంట కాల్‌కే ఒక బడ్ ఆరిపోతోంది

పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే గంటలు పాటలకు చెప్పినవి. మైకు, రెండువైపుల రేడియో, రొద వడపోత కలిసి కాల్‌లో ఎక్కువ కరెంటు తీసుకుంటాయి కాబట్టి మాట్లాడే సమయం అంతకన్నా తక్కువే ఉంటుంది. అయితే ఒక బడ్ మరీ ముందుగా ఆరిపోతుంటే, అది కేసులో చార్జ్ కావడమే లేదేమో చూడాలి. బడ్ అడుగున, కేసు గుంటలో ఉండే రాగిరంగు చుక్కల మీద చెమట పొర కడుతుంది. కేసును చార్జింగ్ నుంచి తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా తడిపి పిండిన దూదిపుల్లతో ఆ చుక్కలను తుడిచి, పూర్తిగా ఆరిన తర్వాత బడ్‌ను పెట్టి లైటు వెలుగుతోందో లేదో గమనించండి. లైటు వెలిగి, రాత్రంతా చార్జ్ అయినా పావుగంటే వస్తుంటే బ్యాటరీ అరిగిపోయింది. విడివిడి బడ్స్‌లో దాన్ని మార్చే వీలు దాదాపుగా ఉండదు; నెక్‌బ్యాండ్‌లోనైతే మొబైల్ మరమ్మతు దుకాణంలో అడిగి చూడవచ్చు. బడ్ గానీ నెక్‌బ్యాండ్ గానీ ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం చార్జింగ్ వెంటనే ఆపేసి, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చేయాలి.