అరకు ఒక్క రోజులో వెళ్లొచ్చేవాళ్లకి చిన్న చిట్కా

వైజాగ్ నుంచి ఫ్యామిలీతో అరకు ఒకే రోజులో చూసి రావాలంటే పైకి ట్రైన్లో వెళ్లండి, కిందకి కారులో రండి. కిరండూల్ ప్యాసింజర్ పొద్దున్నే ఏడు లోపే బయల్దేరుతుంది, సొరంగం వచ్చినప్పుడల్లా బోగీ అంతా పిల్లల కేకలే, అదో సరదా, పైగా ఘాట్ రోడ్డు మీద వాంతుల గోల సగం తప్పుతుంది. బొర్రా స్టేషన్లో దిగిపోకుండా నేరుగా అరకు దాకా వెళ్లి అక్కడ బండి మాట్లాడుకుంటే గిరిజన మ్యూజియం, కాఫీ తోటలు, గాలికొండ వ్యూ పాయింట్ చూసుకుంటూ దిగుతూ బొర్రా గుహలకి రావచ్చు.

అసలు చిట్కా ఇదీ. బొంగులో చికెన్ అప్పటికప్పుడు కాలిస్తేనే రుచి, దానికి ముప్పావుగంట పైనే పడుతుంది, అందుకే గుహల్లోకి వెళ్లే ముందే బయట కొట్లో ఆర్డర్ ఇచ్చేసి, మీ ముందే పచ్చి బొంగులోకి మసాలా పట్టించిన ముక్కలు కూరి ఆకుతో మూతి మూసి నిప్పుల్లో పెట్టాకే లోపలికి వెళ్లండి, తిరిగొచ్చేసరికి బొంగు నల్లగా మాడి రెడీగా ఉంటుంది. చుక్క నూనె వెయ్యరు, ముక్క మాత్రం మెత్తగా ఊడొస్తుంది. రేటు ముందే మాట్లాడుకోండి.

గుహల్లో మెట్లు ఎక్కువ, తడి కూడా, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని బలవంతం చెయ్యొద్దు, బయట కూర్చుని కాఫీ తాగుతారు. తినే కవర్లు చేతిలో పట్టుకుని తిరిగితే కోతులు వదలవు. సిగ్నల్ సరిగ్గా ఉండదు, ఫోన్‌పేని నమ్ముకోకుండా కాస్త క్యాష్ ఉంచుకోండి.