థీసిస్ సెమిస్టర్‌కు ముందు: సిలబస్ దాటిన భౌతికశాస్త్రాన్ని ఎత్తుకునేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

యూజీసీ 2022లో విడుదల చేసిన నాలుగేళ్ల డిగ్రీ పాఠ్యప్రణాళిక ప్రకారం, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు తెచ్చుకున్న విద్యార్థులు నాలుగో ఏట పరిశోధన మార్గాన్ని ఎంచుకోవచ్చు. అందులో థీసిస్‌కు 12 క్రెడిట్లు ఉంటాయి. భౌతికశాస్త్ర విద్యార్థులు అంశాన్ని ఎంచుకునే దగ్గరే చిక్కు మొదలవుతుంది. మనసుకు నచ్చే అంశాలు చాలావరకు ఎమ్మెస్సీ చివరి ఏటనో పీహెచ్‌డీ మొదట్లోనో చెప్పేవి. కృష్ణబిలాల నుంచి వెలువడే హాకింగ్ వికిరణాన్నే ఉదాహరణగా తీసుకుందాం. దానికి సాధారణ సాపేక్ష సిద్ధాంతమూ క్వాంటమ్ క్షేత్ర సిద్ధాంతమూ రెండూ కావాలి, మన బీఎస్సీ పాఠాలలో సాధారణంగా రెండూ ఉండవు.

కష్టమైన అంశం ఎత్తుకోవడం తప్పు కాదు. తాను రాసిన పేజీలో ఏ వాక్యం తనకు అర్థమైందో, ఏది ఎక్కడినుంచో ఎత్తి పెట్టిందో విద్యార్థికే తెలియకుండా పోవడం మాత్రం ప్రమాదకరం. కాబట్టి మొదటి రోజు నుంచే నోట్సులో ప్రతి ఫలితం పక్కన ఒక గుర్తు పెట్టుకోవాలి: స్వయంగా రాబట్టినది, ఒక ప్రత్యేక సందర్భంలో సరిచూసినది, ఇతరుల మాట నమ్మి తీసుకున్నది. మూడో రకం ఉండటం నామోషీ కాదు. వృత్తి శాస్త్రవేత్తల పత్రాలలోనూ అలాంటివి ఉంటాయి. అయితే అది మూడో రకమని థీసిస్‌లో స్పష్టంగా రాయాలి. ఇక్కడ చెప్పే మిగతా జాగ్రత్తలన్నీ ఈ గుర్తులు నిజాయితీగా పడటానికే.

ముందుగా అంశాన్ని కుదించాలి. 1974లో హాకింగ్ చెప్పిన ఫలితాన్ని నేరుగా పట్టుకునే బదులు, 1976లో అన్‌రూ చూపిన ఫలితంతో మొదలుపెట్టడం మేలు. స్థిర త్వరణంతో కదిలే పరిశీలకునికి మామూలు శూన్యస్థితి వేడిగా ఉన్నట్లు కనిపిస్తుందన్నదే ఆ ఫలితం. అక్కడ స్థలకాలం వక్రంగా ఉండదు, విశిష్ట సాపేక్షత చాలు. దాన్ని ఇంకా కుదించి ఒక స్థల పరిమాణం, ఒక కాల పరిమాణం, ద్రవ్యరాశి లేని స్కేలార్ క్షేత్రం (ప్రతి బిందువు దగ్గర ఒకే సంఖ్య ఉండే క్షేత్రం) అని పరిమితం చేసుకుంటే మోడ్‌ల, అంటే ఒక్కో పౌనఃపున్యపు తరంగాల, సమీకరణం సాధారణ తరంగ సమీకరణంగా మారుతుంది, దాన్ని రెండో ఏడు విద్యార్థి కూడా సాధించగలడు. అయితే ఈ కుదింపులో పోయినదేమిటో రాయడం మరవకూడదు: నాలుగు పరిమాణాల అసలు కృష్ణబిలం చుట్టూ తరంగాలలో కొంత భాగాన్ని వెనక్కి పంపే అవరోధం ఒకటుంటుంది, అందువల్ల దూరంలో ఉన్నవారికి అందే వర్ణపటం శుద్ధమైన ప్లాంక్ వర్ణపటం (ఆదర్శమైన వేడి వస్తువు ఇచ్చే వర్ణపటం) కాదు. ఈ ఒక్క పేరా థీసిస్‌లో ఉంటే పరీక్షకుని సందేహాలు సగం ముందే తీరుతాయి.

గుర్తులనూ స్థిరాంకాలనూ ఏ తీరులో వాడుతున్నామో రాసుకునే సంప్రదాయాల పట్టిక గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నెలల శ్రమ నిశ్శబ్దంగా పాడయ్యేది ఇక్కడే. ఒక పుస్తకం మెట్రిక్‌లో (స్థలకాలంలో దూరాలు కొలిచే సూత్రంలో) కాలానికి ప్లస్ గుర్తు, స్థలానికి మైనస్ గుర్తు పెడుతుంది. మరొకటి తలకిందులుగా పెడుతుంది. దాంతో స్కేలార్ క్షేత్రం పాటించే క్లైన్–గోర్డన్ సమీకరణంలో ద్రవ్యరాశి వర్గం ముందున్న గుర్తు మారిపోతుంది. ఫూరియే పరివర్తనలో 2π ఎక్కడ పెట్టాలో, మోడ్‌ల హారంలో 2ω వర్గమూలం రాయాలో 4πω వర్గమూలం రాయాలో పుస్తకానికొక తీరు. ఇవన్నీ వాటివాటి చోట సరైనవే. ఒకదానిలోని మూడో మెట్టును, ఇంకొకదానిలోని నాలుగో మెట్టును అతికించినప్పుడే లెక్క చెడుతుంది. అలా చెడినా చివరి సూత్రం చూడటానికి బాగానే ఉంటుంది, పట్టించేది ఒక 2π తేడా మాత్రమే. కాబట్టి మొదటి వారంలోనే మెట్రిక్ గుర్తులు, ఫూరియే తీరు, మోడ్‌ల సాధారణీకరణ, ఏయే స్థిరాంకాలను 1గా తీసుకున్నారన్న వివరాలు ఒక కాగితం మీద రాసి బల్ల ముందు అంటించుకోవాలి, ఏ పత్రం చదివినా దాని సమీకరణాలను ముందు ఈ కాగితం భాషలోకి మార్చుకున్నాకే వాడాలి.

ఇక చదువు. సాపేక్ష సిద్ధాంత గ్రంథాన్ని మొదటి అధ్యాయం నుంచి మొదలుపెట్టినవారు సంక్రాంతి నాటికి టెన్సర్లలోనే ఉంటారు. అందుకే చివరి ఫలితం నుంచి వెనక్కి నడవాలి. ఈ మెట్టుకు ఏం కావాలి, దానికి ఏం కావాలి అని రెండు మెట్లు దిగి ఆగాలి. ఉదాహరణకు రిండ్లర్ నిరూపకాలు (త్వరణంతో కదిలే పరిశీలకుని నిరూపకాలు), సృష్టి–విలయ ఆపరేటర్లు (కణాన్ని చేర్చేవి, తీసేసేవి), బొగోల్యుబోవ్ గుణకాలు (ఇద్దరు పరిశీలకుల మోడ్‌లను ముడిపెట్టే సంఖ్యలు) తప్పక చేతితో చేసి చూడవలసినవి. రీనార్మలైజేషన్ (క్షేత్ర సిద్ధాంత లెక్కల్లోని అనంతాలను తొలగించే పద్ధతి) ఈ అంశానికి అక్కరలేదు, ఎంత ఊరించినా దాని జోలికి పోవద్దు.

సరిచూసే పద్ధతులు ముందే సిద్ధం చేసుకోవాలి. అన్‌రూ లెక్కలో ఆల్ఫా, బీటా అనే రెండు బొగోల్యుబోవ్ గుణకాల వర్గాల మధ్య నిష్పత్తి ఒక ఘాతాంక ప్రమేయంగా వస్తుంది. ఈ రెండు వర్గాల తేడా 1 అన్నది బోసాన్లకు (ఫోటాన్ల వంటి కణాలకు) ఉండే నియమం. ఈ రెండింటినీ కలిపితే ప్లాంక్ పంపిణీ దానంతటదే రావాలి. రాకపోతే వెనక ఎక్కడో గుర్తు తప్పింది. ఇదే లెక్కలో డెల్టా ప్రమేయం (ఒక్క బిందువు దగ్గర తప్ప అంతటా సున్నా అయ్యేది) సున్నా దగ్గర అనంతమై ఎదురవుతుంది. దాన్ని చూసీ చూడనట్టు దాటేయకూడదు. ఒకే కచ్చితమైన పౌనఃపున్యం ఉన్న తరంగం అనంతకాలం పాటు సాగుతుంది కాబట్టే ఆ అనంతం వస్తుందని, కొద్దికాలమే సాగే తరంగ పొట్లాలతో చేస్తే పరిమిత సంఖ్య వస్తుందని అర్థం చేసుకుని రాయాలి.

ఆ తరువాత స్థిరాంకాలను తిరిగి పెట్టి అంకెలు వేయాలి. ఒక్క కెల్విన్ అన్‌రూ ఉష్ణోగ్రత కావాలంటే త్వరణం సెకనుకు సెకనుకు సుమారు 2.5×10²⁰ మీటర్లు ఉండాలి. సూర్యునంత ద్రవ్యరాశి ఉన్న కృష్ణబిలం ఉష్ణోగ్రత సుమారు 6×10⁻⁸ కెల్విన్. విశ్వమంతా నిండిన సూక్ష్మతరంగ వికిరణం 2.7 కెల్విన్ దగ్గర ఉంది కాబట్టి అలాంటి కృష్ణబిలం ఇప్పుడు విడుదల చేసేదానికంటే పీల్చుకునేదే ఎక్కువ. మీ సూత్రం ఈ అంకెలు ఇవ్వకపోతే ముందుకు సాగవద్దు.

కంప్యూటర్ మీద చేసే థీసిస్‌లకూ ఇదే వర్తిస్తుంది. అయస్కాంతత్వానికి సరళ నమూనా అయిన రెండు పరిమాణాల ఐసింగ్ నమూనాకు 1944లో ఆన్‌సాగర్ కచ్చితమైన పరిష్కారం ఇచ్చారు. చతురస్ర జాలకం మీద సందిగ్ధ ఉష్ణోగ్రత (అయస్కాంతత్వం మాయమయ్యే ఉష్ణోగ్రత), అన్యోన్యచర్య బలం ప్రమాణంలో, 2.269. మీ ప్రోగ్రాం ముందు దీన్ని చూపాలి, ఆ తరువాతే కొత్త నమూనా జోలికి వెళ్లాలి. సందిగ్ధ ఉష్ణోగ్రత దగ్గర ప్రోగ్రాం వరుసగా తీసే శాంపిళ్లు ఒకదానికొకటి బాగా పోలి ఉంటాయి కాబట్టి లక్ష శాంపిళ్లు తీసినా స్వతంత్రమైనవి కొద్దే ఉంటాయి. ఇది గమనించకుండా వేసిన ఎర్రర్ బార్లు అసలు దోషం కంటే చిన్నవిగా కనిపిస్తాయి.

గైడు దగ్గర మొహమాటం మనవాళ్లలో ఎక్కువ. అర్థం కాలేదంటే సార్ ఏమనుకుంటారోనని తలూపి వచ్చేస్తారు, ఆ తలూపుడు ఖరీదు ఏప్రిల్‌లో తెలుస్తుంది. కలవడానికి ముందు రోజు ఒక పేజీ పంపండి: ఎక్కడిదాకా వచ్చిందో, ఏ సమీకరణం దగ్గర ఆగిందో, మీరు ప్రయత్నించిన దారి ఏమిటో. ‘ఈ అధ్యాయం అర్థం కాలేదు మేడమ్’ అంటే ఏ గైడూ పెద్దగా సాయపడలేరు. ‘ఏడో సమీకరణంలో సమాకలన మార్గాన్ని ఎందుకు పైకి వంచారు?’ అంటే పది నిమిషాల్లో తేలుతుంది.

ఏఐ చాట్‌బాట్లు ఇచ్చే డెరివేషన్లు నమ్మదగినట్టే కనిపిస్తాయి, మధ్యలో ఒక గుర్తు మారినా వాక్యం తడబడదు. అలా వచ్చిన ప్రతి మెట్టునూ మీ సంప్రదాయాల కాగితంతో మళ్లీ చేసేంతవరకు దానికి పెట్టవలసినది మూడో గుర్తే. ఇతరుల పత్రాలలోని బొమ్మలను కూడా మూలం చెప్పకుండా అతికించకూడదు, వీలైతే మీరే గీయండి.

ఫిబ్రవరిలో గేట్, జామ్ ప్రవేశ పరీక్షలు ఉంటాయి. రాసేవారు జనవరి, ఫిబ్రవరి నెలలను థీసిస్ లెక్కలోంచి దాదాపు తీసేసి ప్రణాళిక వేసుకోవాలి. డిసెంబర్‌కల్లా ప్రధాన లెక్క పూర్తై, రెండు అధ్యాయాలు చిత్తుప్రతిగానైనా ఉండాలి.

వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకులు సాధారణంగా లోతైన ప్రశ్నలతో మొదలుపెట్టరు. కృష్ణబిలం బరువు పెరిగితే ఉష్ణోగ్రత పెరుగుతుందా, తగ్గుతుందా? తగ్గుతుంది, అయితే దాని ఉష్ణధారిత రుణాత్మకం కదా, అంటే ఏమిటి? స్థిరాంకాలు తిరిగి పెట్టి సూత్రం బోర్డు మీద రాయగలరా? ఇవి డిగ్రీ స్థాయి ప్రశ్నలే, వీటిని ఒక స్నేహితుని ముందు బోర్డు మీద చేసి చూసుకోండి. తరువాత మూడో గుర్తున్న ఫలితం మీద ప్రశ్న వస్తే, దాన్ని ఏ పత్రం నుంచి తీసుకున్నారో, అది ఏ షరతుల కింద నిలుస్తుందో, మీ కుదించిన నమూనాలో ఆ షరతులు ఉన్నాయో లేదో వరుసగా చెప్పండి. అక్కడ అప్పటికప్పుడు డెరివేషన్ అల్లడానికి పూనుకోవద్దు.