స్టాక్ కార్ రేసుల స్టాండ్లు ఎందుకు ఖాళీ అయ్యాయి: సమస్య - పరిష్కారం

అమెరికాలో స్టాక్ కార్ రేసింగ్‌కు, అంటే మామూలు కార్ల రూపంలో ఉండే రేసు కార్ల పోటీలకు, 1948లో ఏర్పడిన నాస్కార్ సంస్థే పెద్దదిక్కు. 2000 దశకం మధ్య వరకు కిటకిటలాడిన దాని స్టాండ్లు ఆ తర్వాత పలచబడుతూ వచ్చాయి. ఖాళీ సీటు ఎక్కడైనా ఒకేలా కనిపిస్తుంది కానీ దాని వెనుక కారణం మాత్రం ట్రాక్‌ను బట్టి మారుతుంది కనుక, రోగం తేల్చుకోకుండా మందు వేయడం వల్ల ఈ క్రీడకు మేలు కంటే కీడే ఎక్కువ జరిగింది.

సమస్య: ఎప్పుడూ నిండే ట్రాక్‌లో సీట్లు మిగిలిపోతున్నాయి.

టెన్నెసీలోని బ్రిస్టల్ ట్రాక్‌లో 1982 నుంచి వరుసగా 55 రేసులకు టికెట్లన్నీ అమ్ముడుపోగా, 2010 మార్చిలో ఆ వరుస తెగిపోయింది. ఇక్కడ కారణాలు రెండు. మొదటిది 2008 ఆర్థిక మాంద్యం. ప్రేక్షకుల్లో చాలామంది దూరప్రాంతాల నుంచి కారులో వచ్చి బస చేసేవారు కాగా, రేసు రోజుల్లో చుట్టుపక్కల హోటళ్లు అద్దెలు పెంచడమే కాక కనీసం రెండు మూడు రాత్రులకు గది తీసుకోవాలని షరతు పెట్టేవి. అలాంటప్పుడు టికెట్టు మీద పది డాలర్లు తగ్గిస్తే ఒరిగేదేమీ లేదు. హోటళ్లతో ముందే ధర మాట్లాడుకోవడం, ట్రాక్ పక్కనే చవకగా గుడారాలు వేసుకునే స్థలం ఇవ్వడం సరైన మార్గాలు.

రెండో కారణం ట్రాక్‌లోనే ఉంది. అర మైలు పొడవున్న ఆ ట్రాక్‌లో వేగంగా వెళ్లే దారి లోపలి అంచున ఒక్కటే ఉండేది కనుక, ముందున్న కారును వెనుక నుంచి తట్టి పక్కకు నెట్టడం తప్ప దాటే మార్గం ఉండేది కాదు. జనం వచ్చేదీ ఆ గొడవ చూడడానికే. 2007లో వాలు మార్చి ట్రాక్‌ను కొత్తగా వేసిన తర్వాత కార్లు పక్కపక్కనే మర్యాదగా సాగిపోవడంతో అభిమానులు పెదవి విరిచారు. కార్లు మళ్లీ లోపలి దారికే రావాలని 2012లో యాజమాన్యం పై అంచును చెక్కించింది. విచిత్రమేమిటంటే, డ్రైవర్లకు ఆ పై అంచే అనుకూలమైన దారి అయింది. అయినా ఆ ఆగస్టు రేసులో డ్రైవర్ టోనీ స్టీవర్ట్ కారు దిగి తోటి డ్రైవర్ మాట్ కెన్సెత్ కారు మీదికి హెల్మెట్ విసిరేంతగా వేడి తిరిగి వచ్చింది.

సమస్య: ఛాంపియన్ ఎవరైనా అభిమానికి పట్టడం లేదు.

ఒకప్పుడు ఏడాది రేసులన్నిటి పాయింట్లు కలిపి ఛాంపియన్‌ను తేల్చేవారు. 2003లో కెన్సెత్ ఒక్క రేసు మాత్రమే గెలిచి, నిలకడతో ఛాంపియన్ అయ్యాడు. దాన్ని లోపంగా భావించి 2004లో పాయింట్లలో ముందున్న డ్రైవర్లకే టైటిల్ పోటీ ఉండేలా చివరి 10 రేసులకు వేరే లెక్క తెచ్చారు. 2014లో ఎలిమినేషన్లు (కొన్ని రేసులకోసారి కొందరిని టైటిల్ పోటీ నుంచి తప్పించడం) చేర్చి టైటిల్‌ను ఆఖరి ఒక్క రేసు మీద వేలాడదీశారు. ఫలితంగా 2024లో సగటున 17వ స్థానంలో ముగించిన జోయి లొగానో టైటిల్ గెలిస్తే, ఏడాది పొడవునా లెక్కలు వేసుకున్న పాత అభిమాని తల పట్టుకున్నాడు. ఉత్కంఠను నిబంధనలతో పుట్టించబోవడమే అసలు తప్పు. 2026 నుంచి ఎలిమినేషన్లు తీసేసి చివరి 10 రేసుల పాయింట్లన్నీ కలిపి చూడడం సరైన దిశలో సగం అడుగు.

సమస్య: సొంత ఊళ్లోనే ఆదరణ తగ్గింది.

కొత్త మార్కెట్ల కోసం, ఈ క్రీడకు సొంతగడ్డ లాంటి నార్త్ కరొలైనాలోని నార్త్ విల్క్స్‌బరో నుంచి 1996 తర్వాత, రాకింగ్‌హామ్ నుంచి 2004 తర్వాత ప్రధాన సిరీస్ రేసులను తరలించారు. దీనికి మందు అందరికీ తెలిసిందే: 2023లో ఆల్ స్టార్ రేసుతో (విజేతలైన డ్రైవర్ల మధ్య పాయింట్లు లేని ప్రత్యేక పోటీ) నార్త్ విల్క్స్‌బరోను తెరవగానే జనం తరలివచ్చారు. అదే ఏడాది షికాగో వీధుల్లో పెట్టిన రేసు కొత్తవారి కోసం; ఒకటి ఉండాలంటే మరొకటి పోవాలన్న నియమమేమీ లేదు.

ఇక సీట్లు తొలగించడాన్ని పరిష్కారంగా లెక్కించకూడదు. 2016లో సుమారు 40 కోట్ల డాలర్ల పునర్నిర్మాణం పూర్తయ్యాక ఫ్లోరిడాలోని డేటోనా ట్రాక్‌లో వెనుక వైపు స్టాండ్లు లేవు, సీట్లు దాదాపు 1,01,000కు తగ్గాయి. వెడల్పు సీట్లు, ఎస్కలేటర్లు ప్రేక్షకుడికి నిజంగా సుఖమే. కానీ టీవీలో స్టాండు నిండుగా కనిపించినంత మాత్రాన మానేసిన అభిమాని తిరిగి వచ్చినట్టు కాదు.