లోఫోటెన్ కొండలెక్కే ముందు: మా బావగారి మోకాళ్లు నేర్పిన సంగతులు

బూడో స్టేషన్‌లో రైలు దిగుతూనే మా బావగారు ఫోన్ తీసి చూపించారు. "రైనెబ్రింగెన్, 448 మీటర్లు. ఇంతేనా అమ్మాయ్? అలిపిరి మెట్లు 3,550. ఏటా ఎక్కుతున్నా." నేనేమీ మాట్లాడలేదు. మర్నాడు సాయంత్రం కొండ దిగొచ్చి, దాని కిందున్న రైనె ఊరి రేవులో బల్ల మీద కూలబడి, మళ్లీ లేవడానికి నా భుజం అడిగారు.

ఏడేళ్లుగా ఉత్తర నార్వేలో, ఈ బూడోలోనే ఉంటున్నాను. వేసవి వచ్చిందంటే చుట్టాలు, వాళ్ల స్నేహితులు ఎవరో ఒకరు దిగుతారు. అందరికీ కావలసింది ఒక్కటే: మోస్కెనెస్ ఫెర్రీ ఎక్కి లోఫోటెన్ దీవులకు పోవాలి, ఫోటోల్లో చూసిన ఆ రైనెబ్రింగెన్ కొండ ఎక్కాలి. ప్రతి ఏడూ అవే మాటలు చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.

మొదట ఆ ఎత్తు అంకెను నమ్మకండి. అబద్ధమని కాదు, సగమే చెబుతుంది. మామూలుగా కొండ ఊళ్లలో మీరు బయల్దేరే చోటే వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది, శిఖరం దానికి కాస్త పైన. ఇక్కడ ఊరు సముద్రం ఒడ్డున, అలలు గుమ్మానికి తగిలేంత దగ్గర. 448 అంటే 448 మీ కాళ్లతోనే ఎక్కాలి. అలిపిరి దారి తొమ్మిది కిలోమీటర్లు, మధ్యలో చదును నేల, కాస్త ఊపిరి పీల్చుకునే చోట్లు ఉంటాయి. రైనెబ్రింగెన్ ఆ ఎత్తంతా దాదాపు కిలోమీటరు దూరంలోనే ఎక్కించేస్తుంది.

మెట్లున్న మాట నిజమే. నేపాల్ నుంచి షెర్పాలు వేసవి వేసవికీ వచ్చి పేర్చిన రాతి మెట్లు, రెండు వేలకు అటూ ఇటూగా. అంతకు ముందు అది బురద జారుడుబండ, మనుషులు పడి చనిపోయారు కూడా. ఆ రాళ్ల పని చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది. కానీ గుడి మెట్లలా కొలత పెట్టి చెక్కినవి కావు. ఒకటి జానెడుంటుంది, తర్వాతది మోకాలెత్తు. ఎక్కేటప్పుడు ఆయాసమే. దిగేటప్పుడే అసలు పని: ప్రతి మెట్టుకూ ఒళ్లంతా ఒక్క మోకాలి మీద పడుతుంది. కాస్త పక్కకు తిరిగి, కాలు మార్చుకుంటూ దిగండి. చేతికర్రలు ఉంటే దిగేటప్పుడు వాడటానికి ఉంచుకోండి. బావగారు వాటిని "ముసలాళ్లకు" అని గదిలో వదిలేశారు.

బండి సంగతి. రైనెలో పార్కింగ్ చోటు తక్కువ. రోడ్డు అంచున ఆపితే జరిమానా పడుతుంది. ఊళ్లో డబ్బు కట్టి ఆపి, సొరంగం లోంచి కాకుండా దాని బయట సముద్రం వైపున్న పాత రోడ్డు మీద నడిచి వెళ్తే మెట్ల మొదలు వస్తుంది. దారిలో మరుగుదొడ్డి లేదు. ఊళ్లోనే పని కానిచ్చుకు బయల్దేరండి.

ఇక వాతావరణం. దీని మీద ఎంత రాసినా తక్కువే. ఇక్కడ కొండను ముందే ఎంచుకుని రోజు కోసం చూడకూడదు. పొద్దున్నే లేచి రోజును చూసి కొండను ఎంచుకోవాలి. నార్వే వాళ్లంతా చూసేది యర్ అనే యాప్. అందులో వాన బొమ్మ కంటే గాలి అంకె ముఖ్యం. గాలిని సెకనుకు మీటర్లలో ఇస్తారు. పది అంటే గంటకు 36 కిలోమీటర్లు. పక్కనే బ్రాకెట్లో ఉండే పెద్ద అంకె విసురు గాలిది, నేను చూసేది దాన్నే. రేవులో పది ఉంటే గట్టు మీద ఇంకా ఎక్కువ ఉంటుంది, అక్కడ మీకు ఒక పక్క ఏమీ ఉండదు, గాలి తప్ప. అంకెలు అర్థం కాకపోతే తల ఎత్తి చూడండి. మబ్బు కొండ మెడ దాకా దిగి ఉంటే పైన మీకు కనిపించేది మీ బూట్లే. అలాంటి రోజున ర్యూటెన్ అనే ఇంకో కొండ ఎక్కే బదులు దాని కింద క్వాల్వీకా ఇసుక తీరానికి నడవండి.

ర్యూటెన్ ఎత్తు 543 మీటర్లు, రైనెబ్రింగెన్ కంటే ఎత్తు, కానీ వాలు మెత్తన. కొత్తవాళ్లను నేను ముందు అక్కడికే తీసుకెళ్తాను. అయితే నేను దారి తప్పింది కూడా అక్కడే. రెండో ఏడాది, దిగేటప్పుడు సముద్రం మీంచి మంచు తెర లేచింది. పది అడుగుల అవతల ఏముందో తెలియదు. కాళ్ల కింద మాత్రం చక్కటి బాట. గడ్డి అణిగి, నల్లటి మట్టి తేలి, జానెడు వెడల్పున సాగిపోతోంది. హమ్మయ్య అనుకుని దాన్నే పట్టుకున్నాను. కాసేపటికి గమనించాను, బాట దిగడం లేదు, వాలుకు అడ్డంగా పోతోంది. బూట్ల అచ్చులు ఒక్కటీ లేవు. గుండ్రటి చిన్న పెంటికలు మాత్రం అడుగడుక్కీ. ఇంకో ఇరవై అడుగులకు బాట ఓ గడ్డి చరియ అంచున ఆగిపోయింది. అక్కడ మెడలో గంట కట్టిన గొర్రె ఒకటి నా వంక చూసి మళ్లీ మేతలో పడింది.

వేసవంతా గొర్రెలు ఈ కొండల మీదే ఉంటాయి, వాటి బాటలు మనుషుల బాటల కంటే శుభ్రంగా కనిపిస్తాయి. కాబట్టి గుర్తుపెట్టుకోండి: మనుషుల దారి ఎంత వంకరగా పోయినా పైకో కిందికో తీసుకెళ్తుంది, రాళ్ల మీద గీతలు, బూట్ల అచ్చులు ఉంటాయి. గొర్రెల దారి గడ్డిని వెతుక్కుంటూ అడ్డంగా పోతుంది. నార్వేలో చాలాచోట్ల రాళ్ల మీద ఎర్రరంగుతో 'టీ' అక్షరం రాసి దారి చూపిస్తారు గానీ లోఫోటెన్‌లో ప్రతి దారికీ అది ఉంటుందని నమ్ముకోవద్దు. మ్యాపును ముందే ఫోన్‌లోకి దించుకోండి. అనుమానం వస్తే ముందుకు కాదు, చివరిసారి దారి ఖాయంగా తెలిసిన చోటికి వెనక్కి నడవండి. ఆ రోజు నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని అదే.

బట్టల విషయంలో ఒక్క మాట: జీన్స్, కాటన్ టీషర్టు వద్దు. తడిస్తే ఆరవు, ఆగిన నిమిషంలో వణుకు పట్టుకుంటుంది. ఒంటికి ఆనేది ఊలుదో సింథటిక్‌దో, పైన గాలివాన ఆపే జాకెట్, జూలైలో అయినా సంచిలో టోపీ, గ్లౌజులు. బూట్లకు అడుగున లోతైన గాడులు ఉండాలి. తడిసిన గడ్డి వాలు ఇక్కడ రాతి కంటే ప్రమాదం, సబ్బు మీద నడిచినట్టే.

ఇంకో మోసం వెలుతురుది. మే ఆఖరు నుంచి జూలై మధ్య దాకా ఇక్కడ పొద్దుగూకదు. రాత్రి పదకొండుకు కొండెక్కితే జనం ఉండరు, బంగారు ఎండ ఉంటుంది, నేనూ అలాగే వెళ్తాను. కానీ చీకటి పడి "ఇక చాలు" అని చెప్పేవాళ్లు లేరు. పొద్దున్నే లేచి ఫెర్రీ దిగి, తిరిగి, అర్ధరాత్రి మెట్లెక్కితే కళ్లు పగలంటాయి, కాళ్లు మాత్రం రాత్రిలోనే ఉంటాయి. గడియారం చూసి తినండి, గడియారం చూసి వెనక్కి తిరగండి.

రోడ్డు లేని ఊరు చూడాలంటే రైనె నుంచి పడవలో విన్‌స్టాడ్ వెళ్లాలి. అక్కడి నుంచి నడిస్తే బూనెస్ తీరం, దాని పక్కన హెల్వెటెస్‌టిండెన్, 602 మీటర్లు. పేరుకు అర్థం నరక శిఖరం. గడ్డి వాలు నిటారుగా ఉంటుంది, అవతలి పక్క ఏకంగా గోడ. వాన పడిన మర్నాడు దాని జోలికి పోవద్దు. ఇక్కడ మీ యజమాని పడవ. ఆఖరి పడవ వేళ ముందు రాసుకోండి, దాని నుంచి వెనక్కి లెక్కేసి, శిఖరం రాకపోయినా సరే తిరిగి వచ్చేయాల్సిన వేళ ఖాయం చేసుకోండి. "ఇంకో పది నిమిషాలు" అని నేను పైన కూర్చున్న ఏడాది, రేవుకి చేరేసరికి పడవ నీళ్ల మధ్యలో ఉంది. ఉన్న బట్టలన్నీ తొడుక్కుని, చలికి కూర్చోలేక, తెల్లవార్లూ ఆ రేవు చెక్కల మీద అటూ ఇటూ పచార్లు చేశాను. పొద్దు పోనే లేదు కాబట్టి తెల్లవారిందని కూడా అనలేను.

గుడారం వేయాలంటే, 1957 నాటి చట్టం ప్రకారం సాగులో లేని నేల మీద ఎవరైనా వేసుకోవచ్చు, మనుషులున్న ఇంటికి 150 మీటర్ల దూరం ఉండాలి, ఒకే చోట రెండు రాత్రులు. జనం తాకిడి ఎక్కువైన చోట్ల నిషేధం ఉంది, బోర్డు చూసుకోండి. ఆపదలో కొండ మీద గాలింపుకి పోలీసుల నంబరు 112, వైద్యానికి 113. 'యెల్ప్ 113' అనే యాప్ మీరున్న చోటు వాళ్లకు పంపుతుంది, దిగగానే ఫోన్‌లో పెట్టుకోండి.

చివరగా హెర్మన్స్‌డాల్స్‌టిండెన్. రైనె ఉన్న ఈ దీవిలో అన్నిటికంటే ఎత్తైన కొండ, 1,029 మీటర్లు. సోర్‌వోగెన్ ఊరి నుంచి చెరువు పక్కగా, ముంకెబూ గుడిసె మీదుగా రోజంతా నడక. నేను మూడుసార్లు బయల్దేరి రెండుసార్లు వెనక్కి వచ్చాను. నార్వే కొండ నియమాలు తొమ్మిది, ఎనిమిదోది వెనక్కి తిరగడంలో సిగ్గులేదంటుంది. బావగారు దాన్ని కాగితం మీద రాయించుకుని జేబులో పెట్టుకున్నారు, మా అక్కకు చూపించడానికట. ఆ దారిలో నిటారు చోట్ల గొలుసులు పట్టుకుని ఎక్కాలి. జూలైలో కూడా ఆ ఇనుము చేతులు కొరికేస్తుంది, పలచటి గ్లౌజులు పైజేబులో ఉంచుకోండి, సంచి అడుగున కాదు.