పొద్దుతిరుగుడు పూతకు ముందే తేనెటీగల సంగతి చూడండి

యాసంగి పొద్దుతిరుగుడు మొగ్గ మీదుంది. పురుగుమందు కొట్టబోయే రైతులూ, గట్ల మీద తేనెపెట్టెలు పెట్టినవాళ్లూ ఇప్పుడే ఒకసారి మాట్లాడుకోవాలి.

పెట్టె ముందు ఈగలు నాలుక బయటపెట్టి కుప్పగా చచ్చిపడితే మందు తగిలిందేమోనని ఎవరికైనా అనుమానం వస్తుంది. అసలు మోసం కనబడని దగ్గరుంది. ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్ లాంటి పురుగుమందులు నరాల మీద పనిచేస్తాయి. చచ్చేంత మోతాదు తగలకపోయినా ఈగ దారి మరిచిపోతుంది. పొద్దున మేతకు పోయింది సాయంత్రం తిరిగిరాదు. శవాలుండవు, పెట్టె మాత్రం పలచబడుతుంది. మనం రాణి ఈగదే తప్పనుకుని తిట్టుకుంటాం! ఈ మందులు మొక్కలోకి ఇంకి మకరందంలోకీ పుప్పొడిలోకీ చేరతాయి కాబట్టి సాయంత్రం కొట్టినా లాభం లేదు. పూత మీద వాటిని ముట్టుకోకండి.

పొడి మందు మరీ ప్రమాదం. ఈగ ఒంటి నూగుకు పుప్పొడిలాగే అంటుకుంటుంది. కాళ్లకు ముద్దగా చుట్టుకుని ఇంటికి తెచ్చుకుంటుంది. పిల్లపురుగులు తినేది అదే.

కూలి కలిసొస్తుందని పురుగుమందూ తెగులు మందూ ఒకే ట్యాంకులో కలుపుతాం. ప్రొపికొనజోల్ లాంటి తెగులు మందులు ఈగ ఒంట్లో విషాన్ని విరిచే ఎంజైములను అడ్డుకుంటాయి. అప్పుడు తక్కువ మందు కూడా ఎక్కువ పనిచేస్తుంది. విడిగా కొట్టండి.

ఇక తిండి. పొద్దుతిరుగుడు పుప్పొడిలో మాంసకృత్తులు తక్కువ. కనుచూపు మేర అదొక్కటే ఉంటే ఈగకు పొట్ట నిండుతుంది గానీ ఒంటికి పట్టదు. దాని పొట్టలో కొవ్వు పొర ఉంటుంది, మన కాలేయం చేసే పనులు చాలా అదే చేస్తుంది. ఆ పొర పలచబడితే రోగానికీ మందుకూ తట్టుకోలేదు. అందుకే గట్ల మీది గడ్డి చామంతిని కలుపు మందుతో మాడ్చకండి.

తప్పక వేరే మందేదైనా కొట్టాల్సివస్తే పొద్దుగూకాక కొట్టండి, పెట్టెలవాళ్లకు ముందురోజే ఫోన్ చేయండి. పెట్టెలవాళ్లు చీకటి పడ్డాక ద్వారానికి జాలీ కట్టి, పైన తడి గోనెపట్టా వేయాలి. లోపల పిల్లల దగ్గర వేడి 34–35 డిగ్రీలే ఉండాలి. గాలాడకుండా పగలంతా మూస్తే మందు అక్కర్లేకుండానే చస్తాయి. పెట్టెలు మార్చేస్తే మూడు కిలోమీటర్లకు తగ్గొద్దు, దగ్గరైతే ఈగలు పాత చోటికే వచ్చేస్తాయి. వెడల్పు పళ్లెంలో రాళ్లు వేసి మంచినీళ్లు పెట్టండి, లేకపోతే మందు కలిపిన చోట మడుగు తాగుతాయి.

చెట్టు మీది కొండతేనెటీగలకు మూయడానికి తలుపు లేదు. పైగా అవి వెన్నెల రాత్రుల్లో మేతకు పోతాయి. పౌర్ణమి ముందూ వెనకా రెండు మూడు రోజులు వదిలేసి మందు కొట్టే తేదీ పెట్టుకోండి.