కథ రాయగానే మూడో తరగతికి తీసుకెళ్లండి

నేను పిల్లల కోసం రాసిన మొదటి కథలో ఒక రాజు ‘నిశ్చేష్టుడయ్యాడు’. మదనపల్లె దగ్గర మా బడిలో చదివి వినిపిస్తుంటే ముందు వరసలో ఒక పిల్ల, "సచ్చిపోయినాడా సార్?" అంది. ముఖం నిండా దిగులే. ఆ మాట కొట్టేసి ‘కదలకుండా నిలబడిపోయాడు’ అని రాసుకున్నాను. రాసిన కథను పిల్లల ముందు పెట్టి, వాళ్లకు అందని మాట మార్చడం, ఇరవై ఏళ్లుగా నా పద్ధతి అదే. కొత్తగా రాయాలనుకునే వాళ్లకూ అదే చెబుతాను.

ముందు, ఏ బిడ్డ కోసం రాస్తున్నారో తేల్చుకోండి. పలక, వల లాంటి సరళ పదాల దగ్గరున్న బిడ్డ వేరు, గుణింతాలు వచ్చిన బిడ్డ వేరు, ఒత్తులు దాటిన బిడ్డ వేరు. గుణింతాల దగ్గరున్న వాళ్లకు ‘రాష్ట్రం’ ఒక కొండ. పిల్లల కథలను ఉచితంగా చదువుకునే వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో మొదటి స్థాయి కథకు 250 మాటలే హద్దు, రెండో స్థాయికి 600. ఆ హద్దు పెట్టుకుని రాస్తే ఏది అనవసరమో మీకే కనిపిస్తుంది.

రాశాక మీరు చదవొద్దు. మీ గొంతు కథలోని లోపాలను దాచేస్తుంది. కాగితం ఒక బిడ్డ చేతికిచ్చి గట్టిగా చదవమనండి. మీరు పెన్సిల్ పట్టుకుని పక్కన కూర్చోండి. వేలు ఎక్కడ ఆగిందో అక్కడ గీత, చూపు కిటికీ వైపు ఎక్కడ పోయిందో అక్కడ సున్నా. మర్నాడు పొద్దున అదే కథ చెప్పమని అడగండి. వాళ్లు వదిలేసిన ముక్కను మీరూ వదిలేయండి. వాళ్లు సొంతంగా కలిపిన మాట ఉంటే తప్పకుండా రాసుకోండి, నా కథల్లో మంచి మాటలు చాలావరకు అలా వచ్చినవే.

బొమ్మల పుస్తకమైతే నాలుగు తెల్లకాగితాలు మధ్యకు మడిచి 16 పేజీల నమూనా చేసుకోండి. అచ్చులో పేజీలు మామూలుగా ఎనిమిదేసి చొప్పున పెరుగుతాయి. పేరుకు, వివరాలకు పోగా కథకు పన్నెండో పదమూడో మిగులుతాయి. బొమ్మ చెప్పేది మాటల్లో మళ్లీ చెప్పకండి.

ఇక ఒప్పందం. చిన్నప్పుడు చందమామ సీరియల్స్ కోసం ఎదురుచూసేవాణ్ణి. 1954లో ‘తోకచుక్క’ మొదలుపెట్టి వాటిని రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, పత్రికలో ఆయన పేరు ఉండేది కాదు. అందుకే పుస్తకంపై మీ పేరు, బొమ్మలు వేసిన వాళ్ల పేరు ఉండాలని ముందే రాయించుకోండి. నేను ఒకసారి రెండు వేలు తీసుకుని ‘సర్వహక్కులు’ అన్న కాగితం మీద సంతకం పెట్టాను. ఆ పుస్తకం మళ్లీ మళ్లీ అచ్చయింది, నాకు రూపాయి రాలేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు రాతపూర్వకంగానే ఇవ్వాలి. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లుగా, ఎక్కడికో రాయకపోతే మన దేశం వరకే లెక్క. ఏళ్లు, భాషలు, రాయల్టీ (అమ్మకాల మీద మీకొచ్చే వాటా) విడివిడిగా రాయించాకే సంతకం పెట్టండి. సొంతంగా వేసుకుంటే ఐఎస్‌బీఎన్‌కు, అంటే పుస్తకాన్ని గుర్తించే నంబరుకు, డబ్బు కట్టక్కర్లేదు, అది ఉచితం.

పుస్తకం వచ్చాక మొదటి కాపీ బడికి ఇవ్వండి. బీరువాలో కాకుండా పిల్లల చెయ్యి అందే ఎత్తులో పెట్టమని టీచర్‌ను అడగండి. అట్ట ఊడిపోయేదాకా చదివారంటే ఇంకో కాపీ ఇవ్వండి.