జడ్జి పాత బంధం మార్కుల్లో కనిపిస్తుందా? ఇలా చూడండి

"ఆ జడ్జి ఒకప్పుడు ఆ కోర్‌లోనే నేర్పించాడు, అందుకే గెలిపించాడు" అనే మాట డ్రమ్ కోర్ (బాకాలు, డ్రమ్ములు వాయిస్తూ మైదానంలో కవాతు చేసే బృందం) పోటీల సీజన్లో ఏటా వింటాను. నింద వేసే ముందు, ఈ పోటీలు నడిపే డీసీఐ (డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్) రీక్యాప్ షీటు, అంటే ఏ జడ్జి ఎవరికి ఎంత వేశాడో చూపే పట్టిక తెరవండి.

మొత్తం 100లో జనరల్ ఎఫెక్ట్‌కు (ప్రదర్శన మొత్తంగా చూపే ప్రభావం) 40, విజువల్‌కు 30, మ్యూజిక్‌కు 30. మొత్తం వదిలేసి ఆ జడ్జి కాలమ్ ఒక్కటే పట్టుకోండి. చూడాల్సింది మార్కు కాదు, పోటీ కోర్‌తో తేడా. సీజన్ గడిచేకొద్దీ మార్కులు అందరికీ పెరుగుతాయి మరి.

బ్రాస్‌లో (బాకా వాయిద్యాలు) జడ్జి తన పాత కోర్‌కు 19.1, పోటీ కోర్‌కు 18.7 వేశాడనుకోండి. తేడా 0.4. మ్యూజిక్ 30 కోసం బ్రాస్, పెర్కషన్ (డ్రమ్ములు), మ్యూజిక్ ఎనాలిసిస్ ఒక్కోటి 20కి వేసి, కూడి సగం చేస్తారు కాబట్టి మొత్తంలో అది 0.2. చిన్నదని కొట్టిపారేయకండి: 2008 ఫైనల్స్‌లో ఫాంటమ్ రెజిమెంట్ బ్లూ డెవిల్స్‌ను దాటింది 0.025తోనే.

ఇప్పుడు అసలు పని. అదే వారంలో అవే రెండు కోర్‌లకు వేరే బ్రాస్ జడ్జిలు ఎంత తేడా ఇచ్చారో పక్కన రాసుకోండి. కనీసం ఐదారు షోలు కావాలి. నేనొకసారి ఒక్క రాత్రి షీటు చూసి పక్షపాతమని తేల్చేశాను. వారం తిరగకుండానే, ఆ కోర్‌తో ఏ సంబంధమూ లేని ఇద్దరు జడ్జిలు అదే తేడా వేశారు.